మేజ్‌బాన్ మారినా మెహమాన్లు ఉండాలి



నరసరావుపేటలో మా ఇంటి మూలగదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. దాన్నే మేం సర్వర్ అంటాం. ప్రాక్స్‌మాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క పెట్టెలోనే మూడు కంప్యూటర్లను నడుపుతుంది. పెట్టె మేజ్‌బాన్, లోపలి మూడూ మెహమాన్లు. ఇంగ్లీషులో కూడా హోస్ట్, గెస్ట్ అనే అంటారు.

మూడో మెహమాన్ విండోస్ ఎక్స్‌పీ. మైక్రోసాఫ్ట్ దానికి 2014లోనే ఖుదా హాఫిజ్ చెప్పేసింది. నాకు మాత్రం అదే జాన్. నా పాత ఇన్‌పేజ్ ఉర్దూ ఫైళ్ళు, అను ఫాంట్లలో కొట్టిన తెలుగు వార్తలు అందులోనే సరిగ్గా తెరుచుకుంటాయి. అబ్బా చెబుతుంటే నేను ఉర్దూలో టైపు చేసిన ఆయన యాదులూ అక్కడే ఉన్నాయి. అబ్బా ఇప్పుడు లేరు. ఆయన నోటుబుక్కును చెదలు తినేశాయి.

ఈ వేసవిలో మేజ్‌బాన్ బూట్ అయ్యే ఎస్‌ఎస్‌డీ పాడైంది. రోజుకు రెండుసార్లు ఆగిపోతోంది. కొత్తది కొన్నాను. కానీ చేతులు వణికాయి. ఒకప్పుడు ఒక షాపులో కంప్యూటర్ రిపేరుకిస్తే, అడక్కుండానే అంతా ఫార్మాట్ చేసిచ్చారు. అయిదేళ్ళ రిపోర్టింగ్ మట్టిలో కలిసింది.

మాచర్లలో ఉండే భతీజాకి ఫోన్ చేశాను. "మెహమాన్లు వేరే రెండు డిస్కుల్లో ఉన్నాయి కదా బేటా, ఇన్‌స్టాల్ నొక్కేస్తా," అన్నాను.

"ఠైరో బడే అబ్బా! డిస్కులు సరే, పర్చీలు తీసుకున్నారా?"

ఒక్కో మెహమాన్‌కు ఒక్కో చిన్న కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది. ఎంత మెమరీ, ఏ డిస్క్, ఏ నెట్‌వర్క్ నంబరు అన్నీ అందులోనే. పది, పదిహేను లైన్లు, అంతే. అది మాత్రం పాడైన ఎస్‌ఎస్‌డీలోనే ఉంది. డిస్క్ ఐడీఈ అని ఎక్స్‌పీ పర్చీలో రాసుంది. అది తెలియక ఇప్పటి పద్ధతిలో తగిలిస్తే, డ్రైవర్ లేక నీలం తెర వస్తుంది. నెట్‌వర్క్ నంబరు లాంటివి మారితే మళ్ళీ యాక్టివేషన్ కూడా అడగొచ్చు.

వాడు చెప్పిన వరస ఇది. మేజ్‌బాన్‌లో కాస్త ప్రాణం ఉండగానే మూడు మెహమాన్లకూ బయటి డిస్కులోకి బ్యాకప్ తీశాను. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంటే అది బ్యాకప్ కాదట. పొరపాటున చెరిపేస్తే రెండింట్లోనూ పోతుంది. తర్వాత పర్చీలు, నెట్‌వర్క్ ఫైలు, స్టోరేజ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. మెషీన్ ఆపి డేటా డిస్కుల కేబుళ్ళు పీకేశాను. ఇక ఇన్‌స్టాలర్‌కు కనపడేది కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కటే, తప్పు డిస్క్ ఎంచుకునే భయం లేదు. ఇన్‌స్టాల్ అయ్యాక కేబుళ్ళు తగిలించి, జడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ను ఇంపోర్ట్ చేశాను. ఇది వేరే మెషీన్ వాడిన పూల్ అని మొరాయించింది. ఫోర్స్ అన్నాక ఒప్పుకుంది. స్టోరేజ్‌కు పాత పేరే పెట్టి, పర్చీలను వాటి జాగాలో వేశాను.

ఎక్స్‌పీ పచ్చిక కొండ తెర మీదికొచ్చింది. అల్‌హమ్‌దులిల్లాహ్.

అమ్మీని పిలిచి అబ్బా ఫైలు తెరిచాను. ఐనక్ సర్దుకుని, "గురజాల బండి ప్రయాణం ఉందా ఇందులో?" అంది. ఉంది. అది పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆ రాత్రే దాన్ని యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టాను. బ్యాకప్ డిస్క్ ఇప్పుడు మాచర్లలో భతీజా దగ్గర ఉంది. మీ ఇంట్లోనూ ఏదో పాత మెషీన్‌లో ఎవరిదో అమానత్ ఉండే ఉంటుంది. అది నడుస్తుండగానే తీసి పెట్టుకోండి.