గాలం దారానికి కండ

మా నాన్న విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నలభై ఏళ్లు వలలు బాగుచేశాడు. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడు దాన్ని ఎడం చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంటాడు.

కృత్రిమ కండరాల గురించి రాద్దామని చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. 2014లో అమెరికాలో, డల్లాస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో రే బాగ్‌మన్ బృందం కండరాలు చేసింది దేంతోననుకున్నారు? గాలం దారంతో, కుట్టుదారంతో! మా ఇంట్లో ఉండలుగా పడుండేదే. మెలి మీద మెలి వేసి స్ప్రింగులా చుడితే, అంతే పొడవూ బరువూ ఉన్న మనిషి కండరం కన్నా వంద రెట్లు ఎత్తిందట.

నమ్మకం కుదరక ఓ ఆదివారం నేనే మొదలెట్టాను. పక్కింట్లో డ్రిల్లు అడిగి తెచ్చి, దారం ఒక కొస దానికీ రెండోది తాళం కప్పకీ కట్టాను. తాళం తిరగకుండా నాన్న ఎడం చేత్తో పట్టుకున్నాడు. రెండుసార్లు దారం టప్పున తెగింది.

'బరువెక్కువైపోనాది. చిన్న తాళం కట్టమ్మా' అన్నాడు. వలల మనిషి కదా!

మూడోసారి చక్కగా చుట్టలు పడింది. కిటికీ ఊచకి వేలాడదీసి, తాళం తిరగకుండా ఆపి, హెయిర్ డ్రయ్యర్ పెట్టాను. తాళం పైకి లేచింది. అంగుళం కూడా లేదు. గాలి ఆపితే మెల్లగా దిగింది.

నైలాన్ వేడెక్కితే పొడవు కాస్త తగ్గి లావెక్కుతుంది. మామూలు దారంలో అది కంటికి ఆనదు. మెలి వేసినదైతే మెలి విప్పుకోవాలని చూస్తుంది, ఆ గుంజుడుకి చుట్లు దగ్గరకొస్తాయి. ఇదంతా చెబుతుంటే నాన్న అడ్డొచ్చాడు. 'వానకి తడిస్తే నులకమంచం బిగిసిపోదా, అలాగన్నమాట.' నాకు నాలుగు పేజీలు చదివితే గానీ అర్థం కాలేదు!

'మరి నా చేతికెప్పుడు కడతారు?'

అక్కడే చిక్కు. పెద్ద కదలిక కావాలంటే దారం వంద డిగ్రీలు దాటి కాగాలి. ఒంటి మీద కుదిరే పనా? చల్లారితే గానీ మళ్లీ ఎత్తదు. ఇచ్చిన వేడిలో చాలాభాగం వృథా. 2019లో ఎం.ఐ.టి. వాళ్లు పందిరిని పట్టుకునే దోస నులితీగని చూసి, వేడికి ఒకేలా సాగని రెండు పాలిమర్లు జోడించి పోగు తీశారు. అది కొద్దిపాటి వేడికే ముడుచుకుని, తన బరువుకి 650 రెట్లు ఎత్తింది.

'ఇప్పుడప్పుడే కాదు నాన్నా' అన్నాను.

తాళం మాత్రం తియ్యనివ్వలేదు. రోజూ వ్యాయామం వేళకి 'ఓసారి ఎత్తించమ్మా' అంటాడు. అది లేస్తుంటే చూస్తూ తన చూపుడువేలు కదపాలని చూస్తాడు. నిన్న దారమే గెలిచింది.