మెట్ల మీద సిగ్నల్

మా ఇంటికొచ్చిన వాళ్ళు మొదట అనే మాట "అబ్బో, ఎంత పెద్ద ఇల్లండీ". రెండో మాట "వైఫై పాస్‌వర్డ్ ఏంటండీ". మొదటిదానికి మా అమ్మ మురిసిపోతుంది. రెండోదానికి నేను నెమ్మదిగా అక్కడినుంచి జారుకునేవాడిని, మొన్నటి దాకా.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. పాలకొల్లు దగ్గర పల్లెటూరు మాది. ముందు భాగం తాతగారు కట్టించింది, సున్నం గోడలు, అడుగున్నర మందం. వెనక భాగం నాన్నగారు వేయించిన డాబా, దాని మీద ఒక గది, బయటినుంచి మెట్లు. ఆ పై గదే నా ఆఫీసు. ఇంటినుంచి పని చేసుకోమన్నారు కదా, హైదరాబాదులో అద్దె దండగెందుకని వచ్చేశాను. ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికొచ్చిన కుర్రాడు "రూటర్ ఎక్కడ పెట్టమంటారండీ?" అంటే, ఇంకో ఆలోచన లేకుండా "పైన, నా టేబుల్ మీద" అన్నాను. గొడవంతా ఆ ఒక్క మాటతో మొదలైంది.

నా టేబుల్ దగ్గర 200 ఎంబీపీఎస్ ప్లానుకి 200 వచ్చేది. వీధి వైపు నాన్నగారి గదిలో మాత్రం ఒకే ఒక్క గీత, అదీ ఉంటే ఉండేది, లేకపోతే లేదు. ఇంట్లో నెట్ ఉండగా మళ్ళీ ఫోన్లో డేటా ఎందుకని ఆయనకి మాటలు మాత్రమే వచ్చే రీచార్జి చేయించింది కూడా నేనే. (తెలివితేటలు!)

మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. ఈ రోజుల్లో మనకి పొద్దున్న ఆరున్నర అయితే వాళ్ళకి రాత్రి ఎనిమిది. పిల్లలు అన్నాలు తిని, పడుకోబోయే ముందు తాతయ్యతో మాట్లాడతారు. ఒకరోజు నిద్ర పట్టక తలుపు తీసి చూస్తే, నాన్నగారు మెట్ల మలుపు దగ్గర కూర్చుని ఫోన్లో నవ్వుతున్నారు. "ఇక్కడేంటి నాన్నగారూ?" అంటే "పొద్దున్నే ఇక్కడ గాలి బావుంటుందిరా, నువ్వు పడుకో" అన్నారు. నిజమే కాబోలనుకుని వెళ్ళి పడుకున్నాను. అరవై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, రోజూ పది మెట్లెక్కి గాలి పీల్చుకుంటున్నారని రెండు నెలలు నమ్మాను. పైగా నేను చేసే ఉద్యోగం, ఎక్కడో ఉన్న సర్వర్లు ఎంత ఆలస్యంగా జవాబిస్తున్నాయో కనిపెట్టి గంట మోగించడం.

ఒక వానాకాలం పొద్దున ఆ మెట్ల మీదే కాలు జారింది. కుడి మణికట్టు ఎముక చిట్లింది. అటువైపు అక్కకి కనిపించింది ముందు ఆకాశం, తర్వాత చీకటి. భీమవరంలో కట్టు వేయించుకుని వచ్చాక, సాయంత్రం అమ్మ అంది: "గాలి కోసం కాదురా, ఆ నీ నెట్ కోసం. నీ నిద్ర పాడవుతుందని తలుపు కొట్టేవారు కాదు."

మర్నాడే పరిగెత్తి ఒక ఎక్స్‌టెండర్ కొనుక్కొచ్చి నాన్నగారి గదిలో ప్లగ్గుకి తగిలించాను. గీతలు నిండుగా వచ్చాయి. నెట్ మాత్రం రాలేదు. తప్పు దానిది కాదు. తను విన్నదే అది తిరిగి చెప్తుంది, సిగ్నలే వినపడని చోట పెడితే ఏం చెప్తుంది పాపం? పెట్టాల్సింది దారి మధ్యలో. అలాగే వంటింట్లో పెట్టాను. ఈసారి నెట్ వచ్చింది కానీ నత్తనడక. ఒకటే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చెయ్యాలి కాబట్టి వేగం సగానికి సగం అక్కడే పోతుంది. మిగిలింది పాత గోడ మింగేసింది.

అప్పుడు బుద్ధొచ్చి, ఆఫీసులో రోజూ చేసే పని ఇంట్లో చేశాను. కొలిచాను. ఫోన్లో సిగ్నల్ చూపించే యాప్ వేసుకుని, నోటు పుస్తకం పట్టుకుని గది గదీ తిరుగుతుంటే అమ్మ దిష్టి తియ్యాలేమో అన్నట్టు చూసింది. నా టేబుల్ దగ్గర మైనస్ 38 డీబీఎం, నాన్నగారి మంచం దగ్గర మైనస్ 86. ఈ లెక్కలో ప్రతి పదికీ బలం పదో వంతుకి పడిపోతుంది. 48 తేడా అంటే, నా దగ్గరున్న దానిలో సుమారు అరవై వేలో వంతు ఆయన దగ్గరికి చేరుతోందన్నమాట. వీడియో కాల్ తెగకుండా సాగాలంటే మైనస్ 67 దరిదాపుల్లో ఉండాలి.

పుస్తకంలో రాసింది చూస్తే దొంగలు దొరికారు. ఇనప చువ్వలున్న స్లాబు కొంత. నడవాలో ఉన్న ఇనప బీరువా కొంత. అన్నిటికంటే పెద్ద దొంగ తాతగారి గోడ, అదొక్కటే 17 మింగుతోంది. 5 గిగాహెర్ట్జ్ అయితే ఆ గోడ దాటనే లేదు. ఆఫీసు స్నేహితులు మెష్ కొనమన్నారు. మంచిదే, కానీ ఆ డబ్బాలు ఒకదానితో ఒకటి గాల్లోనే మాట్లాడుకుంటే, ఆ మాటా ఇదే గోడలోంచి పోవాలి. ఖరీదైన డబ్బా అని గోడ దారివ్వదు కదా :)

ఇక మిగిలింది వైరు. రాగి కేట్ సిక్స్ కేబుల్‌లో వంద మీటర్ల దాకా ఒక గిగాబిట్ దర్జాగా వెళ్తుంది, నాకు కావాల్సింది ఇరవై ఎనిమిది. (కొట్లో చవగ్గా ఇచ్చేది చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం. పూర్తి రాగి కావాలని అడగండి.) పిట్టగోడ వెంట, ఎండ తగలకుండా పీవీసీ పైపులో లాగించాను. చివర్లో మళ్ళీ ఆ గోడే అడ్డం. ఎలక్ట్రీషియన్ డ్రిల్ పెట్టగానే సున్నం బొలబొలా రాలింది. "మామయ్యగారి గోడకి కన్నాలేంట్రా" అని అమ్మ కేకలు. మంచం మీంచే నాన్నగారు అన్నారు: "కిటికీ పైన డిష్ వైరు కన్నం ఉంది కదరా, అందులోంచి తియ్యి."

అవును కదా! ఇంటి గురించి నాకంటే ఆయనకే తెలుసు. మొదటిరోజే అడిగుంటే సరిపోయేది.

హైదరాబాదు నుంచి తెచ్చుకున్న పాత రూటర్‌ని ఆ గదిలో యాక్సెస్ పాయింటుగా పెట్టాను. దాని డీహెచ్‌సీపీ ఆపేసి, వేరే అడ్రసిచ్చి, వైరుని వ్యాన్ పోర్టుకి కాకుండా ల్యాన్ పోర్టుకి తగిలించడం, అంతే. రెండు చోట్లా ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. 2.4లో పైన ఒకటో ఛానెల్, కింద పదకొండు. మొదట్లో 94 దాటలేదు, అంటే లింకు వందకే పడిందని అర్థం. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి, వందకి నాలుగు చాలు. క్రింపింగ్‌లో ఒక తీగ సరిగా కూర్చోలేదు, మళ్ళీ చేయిస్తే సరిపోయింది. నాన్నగారి ఫోను మాత్రం వంటింట్లో కూడా పై రూటర్నే పట్టుకు వేలాడేది. పైదాని 2.4 బలం తగ్గించాక వదిలింది. ఖర్చు మూడు వేల లోపే, ఆ ఎక్స్‌టెండర్ డబ్బులు కలపకపోతే.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి నేనూ లేచి కిందికెళ్ళాను. ఆయన మంచం మీద దిండుకి ఆనుకుని, ఎడం చేత్తో ఫోను పట్టుకున్నారు. యాప్‌లో మైనస్ 44. పిల్లలకి కట్టు చూపించాలి, దాని మీద వాళ్ళ పేర్లు రాయించాలి, అదో పెద్ద పని. ఇంతలో అక్క అంది, "ఇన్నాళ్ళూ మెట్లూ ఆకాశమే కదా చూపించారు, మీ వెనకాల గోడకి ఆ చెమ్మేంటి నాన్నగారూ?"

ఆయన గోడ వంక చూడలేదు, నా వంక చూశారు. సున్నం గోడ మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుందట. ఆదివారం మేస్త్రీ వస్తానన్నాడు.