తారీఖు దాటాక

పాములంటే నాకు భయం. ఇప్పటికీ పోలేదు. అయినా 2023 వేసవిలో నెలలు నిండిన ఒక పాముకి కాపలా ఉన్నాను. టెక్సస్‌లో రీసెర్చ్ చేస్తున్న మా అమ్మాయి పెంచుకునే బోవా అది. ఆరడుగుల పైనే ఉంటుంది. అమ్మాయి లాబ్‌కి వెళ్లిపోతే పగలంతా ఇంట్లో నేనూ, అదీ.

పిల్లల్ని కనే పాములు మనకు కొత్తేమీ కాదు. మన పొలాల్లోని రక్తపింజర కంటుంది. రెండు తలల పాము అని మనం పిలిచేది ఈ బోవాలకు చుట్టమే, అదీ పిల్లల్నే కంటుంది. కొండచిలువ గుడ్లు పెట్టి వాటి చుట్టూ చుట్టుకుని పొదుగుతుంది. బోవా మాత్రం గుడ్లను కడుపులోనే దాచుకుని, పిల్లలు పూర్తిగా ఎదిగాక బయటికి పంపుతుంది. లోపలి పిల్లలకు కావలసిన వెచ్చదనాన్ని బయటినుంచే తెచ్చుకోవాలి. అందుకే రోజంతా దీపం కింద పక్కకు తిరిగి, పొట్టను వేడికి ఆనించి పడుకునేది. నెలల తరబడి తిండి ముట్టలేదు. చూలుతో ఉన్నప్పుడు చాలా బోవాలు అంతేనట.

నా పనులు తక్కువే. వెచ్చని వైపు 31, 32 డిగ్రీలు ఉందో లేదో చూడాలి. నీళ్లు మార్చాలి. ముట్టుకోకూడదు. ఫ్రిజ్ మీద అమ్మాయి రెండు తారీఖులు రాసి అంటించింది. ఫిబ్రవరి 20, కుబుసం. జూన్ 5, కాన్పు. అండాలు విడుదలయ్యాక పాము ఒకసారి కుబుసం విడుస్తుంది. అక్కడినుంచి సుమారు 105 రోజులని పెంచేవాళ్ల లెక్క.

జూన్ 5 వచ్చింది, పోయింది. పదో తారీఖూ దాటింది. హనుమకొండ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, మీ పాముకింకా పురుడు రాలేదా?" అని నవ్వేది. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. అమ్మాయి స్నేహితులు తలా ఒక సలహా ఇచ్చారు. వేడి పెంచమన్నారొకరు. ఇంజెక్షన్ ఇప్పించమన్నారొకరు. చివరికి పాముల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె స్కాన్ చేసి లోపలి కదలికలు చూపించింది. నొప్పుల కోసం ఆడవాళ్లకిచ్చే ఆక్సిటోసిన్ పాముల్లో అంతగా పనిచేయదని చెప్పింది. ఊరికే ముక్కుతూ ఉన్నా, నీరసించి వాలిపోయినా, దుర్వాసన వచ్చినా వెంటనే తీసుకురమ్మంది. "అలాంటిదేమీ లేదు. తల్లి బాగుంది. ఆగుదాం" అంది.

ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను.

1996లో నాకూ తారీఖు మూడు రోజులు దాటింది. నొప్పులు రాలేదు. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని నర్సు రాసిపెట్టింది. మా మామగారు పంచాంగం చూసుకొచ్చారు. గురువారం ఉదయం మంచి ఘడియ ఉందన్నారు. డాక్టరుగారికీ ఆ రోజు వీలైంది. వరండాలో ముగ్గురు మగవాళ్లు మాట్లాడుకున్నారు. సంతకం మా ఆయన చేశారు. మంచం మీద ఉన్న నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. కుట్లు మానాక కూడా ఆ అడగకపోవడం మానలేదు. ఆ రోజు పుట్టినది ఈ అమ్మాయే.

ఆగడమే గొప్పని నేననను. మా పెద్దమ్మ బండి కోసం ఎదురుచూస్తూ, పురిటి నొప్పులతోనే పోయింది. ఆమెకు ఆపరేషన్ అంది ఉంటే బతికేది. పెద్దమ్మకు అవసరమైంది అందలేదు. నాకు అవసరం లేనిది జరిగింది. రెండుసార్లూ మా మాటకు విలువ లేదు.

అసలీ తారీఖు ఎక్కడిది? చివరి ముట్టు నుంచి 280 రోజులన్న లెక్కకు జర్మన్ వైద్యుడు నేగెలే పేరు ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్క అది. ప్రతి ఆడదానికీ 28 రోజులకే ముట్టు వస్తుందన్నట్టు నడుస్తుంది. సరిగ్గా ఆ తారీఖునే కనేవాళ్లు నూటికి నలుగురైదుగురే. అంచనాగా పుట్టింది కాస్తా గడువైపోయింది. గడువు దాటితే తప్పు ఆడదాని ఒంటిది.

జూన్ 20 తెల్లవారుజామున, నూట ఇరవయ్యో రోజున, బోవా కన్నది. పందొమ్మిది బతికాయి. రెండు చచ్చి పుట్టాయి. ఫలించని పచ్చటి అండాలు కొన్ని. పిల్లలు పొరలు చించుకుని ఎవరి దారిన అవి పాకాయి. తల్లి వాటివైపు చూడలేదు. నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లి చాలాసేపు తాగింది. మాతృత్వం గురించి మనం రాసుకున్నవేవీ దానికి వర్తించవు. దాన్ని ఆదర్శంగా చూపించాలన్న కోరికా నాకు లేదు.

కానీ ఒక లెక్క వదలడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, దేశంలోనే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఇందులో ప్రాణాలు నిలబెట్టినవెన్నో ఉంటాయి. వాటికి దండం పెడతాను. మిగిలినవాటిలో ముహూర్తానివెన్ని, డాక్టరు వీలువెన్ని, బిల్లువెన్ని? నొప్పులంటే భయపడి ఆ అమ్మాయే కోరుకున్నవెన్ని? ఆ భయం నేర్పిందెవరు? అంకె ఇవేవీ చెప్పదు. అవి చెప్పగలిగింది ఆ మంచాల మీద పడుకున్న ఆడవాళ్లే. వాళ్లను అడిగి రాసుకోవాల్సిన పని మనది.