వంపు తిరిగే బంతి

బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో కొన్న బంతితో ఆదివారాలు ఆడుకునే మన తెలుగు పిల్లలు, స్పిన్‌కు ఔటైన ప్రతిసారీ తమ చూపునే నిందించుకోవడం మేము గమనిస్తూ ఉన్నాము. కళ్లజోడు పడుతుందేమోనన్న బెంగతో ఆటే మానుకున్న కుర్రవాడూ ఉన్నాడు. అమెరికా వారి బేస్‌బాల్‌లో 'కర్వ్‌బాల్'ను ఎదుర్కొనే ఆటగాళ్ల అవస్థా ఇటువంటిదే.

నిజానికి దోషం కంటిది కాదు. ముందుకు గిరగిర తిరుగుతూ వచ్చే బంతి తన వెనుక గాలిని పైకి మళ్లిస్తుంది. ప్రతిగా గాలి బంతిని క్రిందికి నెడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ 1852లో పరిశోధించిన ఈ బలం ఎడతెగక పనిచేస్తుంది. అందువలన ప్రయాణకాలం సగం గడిచేసరికి వచ్చే వంపు ఇంచుమించు పావు వంతే. మిగిలిన ముప్పావు చివరి సగంలోనే. అప్పటికే బ్యాట్ కదలడం మొదలవుతుంది!

1990లో చండీగఢ్ టెస్టులో మన హైదరాబాదు స్పిన్నర్ వెంకటపతి రాజు 12 పరుగులకే 6 శ్రీలంక వికెట్లు పడగొట్టారు. ఆ అంతర్జాతీయ బ్యాట్స్‌మెన్ చూపు మందగించినవారా? పిచ్‌పై మలుపుతోపాటు గాలిలోని ఈ వంపు కూడా స్పిన్నర్ల ఆయుధమే.

కనుక పెద్దలమైన మనం పిల్లలను గద్దించక, బంతిని వదిలే వేళ్లను గమనించడం నేర్పుదాము.