పొర ఊడిందా... నీరెక్కడిదో చూడండి!

చుట్టాలొస్తున్నారంటే ఇల్లాలికి ముందు గుర్తొచ్చేది హాలు కాదు, బాత్‌రూమ్. అందులోనూ వాష్ బేసిన్ కింద కబోర్డు. కొత్తలో అద్దంలా మెరిసిన చెక్క నాలుగేళ్లు తిరక్కుండానే అంచుల దగ్గర పైకి లేస్తుంది. పిల్లలు ఊరుకుంటారా? లేచిన పొరను గోటితో గిల్లుతారు. అరచేయంత ముక్క ఊడొచ్చాక వడ్రంగికి కబురు వెళ్తుంది.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారింట్లోనూ ఇదే వరస. రెండేళ్లలో రెండుసార్లు కొత్త సన్‌మైకా వేయించారు. మూడోసారీ ఎడమపక్క పలక అడుగునే లేచింది. "చెక్క పాతబడింది సార్, మొత్తం పీకేసి కొత్తది పెట్టించుకోండి" అన్నాడు కార్పెంటర్. మాస్టారు సరేననబోయారు. ఆయన భార్య ఒప్పుకోలేదు.

"కుడిపక్క పలక నిక్షేపంలా ఉంది కదా బాబూ! రెండూ ఒక్కరోజే చేయించాం. దీనికే ఎందుకొచ్చింది రోగం?" అన్నారావిడ.

ఆ రాత్రి కబోర్డులో సామానంతా తీసి, అడుగున పాత న్యూస్‌పేపర్ పరిచారు. తెల్లారేసరికి ఎడమ మూల పేపరు తడిసి ముద్దయింది. గోడలోంచి బేసిన్‌కు నీళ్లిచ్చే కుళాయి బిగింపు దగ్గర చుక్కచుక్కగా కారి, గోడ వెంట జారి, పలక అడుగుకు చేరుతోంది. కోసిన అంచుకు ఏ పూతా లేకపోవడంతో చెక్క ఆ నీటిని తాగేస్తోంది. కింది ఫ్లాటు వాళ్ల సీలింగుపై చెమ్మ మరకకు కారణమూ అదేనని అప్పుడు తెలిసింది. వాళ్లు అన్నాళ్లూ వానను తిట్టుకుంటున్నారు. ప్లంబర్ బిగింపు విప్పి, టేపు చుట్టి, మళ్లీ బిగించడానికి పట్టింది పావుగంట.

పైన పటారం, లోన లొటారం అంటారే, అలా ఉంటుంది పొర వ్యవహారం. నీటి దారి మూయకుండా పైన ఎన్ని షీట్లు అతికించినా డబ్బు దండగే. కారేది ఆగాక, తలుపులు తెరిచి ఫ్యాన్ గాలికి వారం పది రోజులు ఆరనివ్వాలి. ఆ తర్వాతే ఊడిన పొర ఏమిటో తేల్చుకోవాలి.

బిరుసైన రేకులా లేచి, వెనకవైపు ముదురు గోధుమరంగులో కనిపిస్తే అది సన్‌మైకా. కాగితాలను రెజిన్‌లో నానబెట్టి, వేడిమీద గట్టిగా అదిమి చేస్తారు. 1912లో అమెరికాలో కరెంటు పరికరాల్లో అభ్రకానికి, అంటే మైకాకు, బదులుగా దీన్ని కనిపెట్టారు. ఫార్మైకా అన్న పేరు అలా వచ్చిందే. మన దగ్గర సన్‌మైకా అనే బ్రాండు పేరే అందరి నోళ్లలో నానింది. మెత్తటి ప్లాస్టిక్ తోలులా, స్టిక్కర్‌లా సాగుతూ వస్తే అది పీవీసీ పొర. పెచ్చులుగా రాలితే రంగు. పల్చటి చెక్కపొరే లేస్తే వెనీర్. పాలిష్ అయితే కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూది పెట్టి చూడాలి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్. తడి తగిలే చోట అది నిలవదు.

ఇప్పుడు లోపలి చెక్క. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే గట్టిగా ఉందా, బాగు చేసుకోవచ్చు. తడిసిన రస్కులా ఉబ్బి పొడిపొడిగా రాలుతోందా, అది పార్టికల్ బోర్డు కావచ్చు. ఒకసారి ఉబ్బితే ఎంత ఎండబెట్టినా మామూలుకు రాదు. ఆ పలక ఒక్కటీ మార్చుకోవాలి. మార్చేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగాలి. 72 గంటలు నీళ్లలో ఉడికించినా జిగురు విడిపోకూడదన్నది దాని పరీక్ష.

చెక్క గట్టిగా ఉంటే పని తేలిక. సన్‌మైకా వెనక పాత జిగురు గీకేసి, రబ్బరు జిగురును రెండువైపులా రాయాలి. చేతికి అంటనంతగా ఆరాక అతికించి గట్టిగా అదమాలి. మామూలు తెల్ల జిగురు తడికి పట్టు వదిలేస్తుంది. అంచుకు అతికించిన ప్లాస్టిక్ పట్టీ లేస్తే, పైన గుడ్డ వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తే చాలాసార్లు మళ్లీ అంటుకుంటుంది. రంగు అయితే వదులు పెచ్చులు గీకి, లప్పం పెట్టి, నునుపు చేసి, ప్రైమర్ మీద రెండు పూతలు ఎనామిల్ వేయాలి. ఏది చేసినా కోసిన అంచులకు కూడా పూత పడాలి. బేసిన్‌కూ పలకకూ మధ్య సందును సిలికాన్‌తో మూసేయాలి.

పాత రంగు గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువ ఉండొచ్చు. అందుకే పొడిగా ఉప్పు కాగితంతో రుద్దకూడదు. వాటర్ పేపర్‌తో తడి చేస్తూ రుద్ది, వచ్చిన మడ్డిని తడిగుడ్డతో ఎత్తేయాలి. ఆ పూట పిల్లల్నీ గర్భిణుల్నీ దూరంగా ఉంచాలి.

ఇక రోజువారీ అలవాట్లు. స్నానమయ్యాక కిటికీ తెరవడం, బేసిన్ అంచున నిలిచిన నీటిని గుడ్డతో తుడవడం చాలు. బోరునీటి మరకలకని తెచ్చిన యాసిడ్ సీసాను కబోర్డులో దాచకూడదు. దాని ఆవిరికి మడతబందులు తుప్పుపడతాయి.

మాస్టారింట్లో కబోర్డు మార్చలేదు. అడుగు అంచుకు పూత వేసి, పాత పలకకే షీటు అతికించారు. కొత్త కబోర్డుకు అడ్వాన్సు ఇచ్చేముందు ఎవరింట్లోనైనా సరే, ఒక్క రాత్రి పాత పేపరు పరిచి చూసుకుంటే పోయేదేం లేదు.