ముద్దాయి పక్షాన కెమెరా

మన టెలివిజన్ నేరకథలలో కథకుడు ఎవరు? సాహిత్యపాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక ఏ కథ విన్నా నాకు ముందు ఈ ప్రశ్నే తోస్తుంది. జవాబు కష్టం కాదు. పోలీసే కథకుడు. పట్టుబడినవాళ్ళకు ముసుగులు తొడిగి వరసగా నిలబెడతారు. ఎదుట బల్లమీద కత్తులూ సెల్‌ఫోన్లూ పరుస్తారు. అధికారి కథ చెబుతాడు. రాత్రికి అదే కథ నటులతో, భయంకర సంగీతంతో మన ఇళ్ళలోకి వస్తుంది. చార్జిషీటు ఇంకా కోర్టు గడప తొక్కనే లేదు. తీర్పు మాత్రం మన భోజనాలవేళకే చేరిపోతుంది.

అందుచేత ముద్దాయి పక్షాన నిలబడి చెప్పిన కథ అంటే నాకు మొదటినుంచీ పక్షపాతమే. రావిశాస్త్రి సారా కథలు చదివినవాడికి ఆ పక్షపాతం లేకుండా ఎలా ఉంటుంది? అయితే ముద్దాయి అన్నంత మాత్రాన అందరూ ఒకే వర్గంవారు కారు గదా! ఈ సంగతి ఫ్రెంచి దర్శకుడు లెస్త్రాద్ తీసిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే బోధపడుతుంది.

మొదటిది ‘మర్డర్ ఆన్ ఎ సండే మార్నింగ్’ (2001). అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో, 2000 మే నెలలో ఒక యాత్రికురాలిని భర్త కళ్ళెదుటే కాల్చి చంపారు. కొద్దిగంటలలోనే పోలీసులు దారినపోయే పదిహేనేళ్ళ నల్లజాతి కుర్రవాణ్ణి పట్టుకొచ్చారు. వాడు ఉద్యోగానికి దరఖాస్తు ఇద్దామని బయలుదేరినవాడు. భర్త ‘వీడే’ అన్నాడు. కుర్రవాడు నేరం ఒప్పుకున్నట్లు సంతకం పెట్టాడు. ఏ దెబ్బలకు పెట్టాడో తర్వాత కోర్టులో చెప్పాడు. ప్రభుత్వ జీతంమీద బీదల తరఫున వాదించే ఇద్దరు ప్లీడర్లు పోలీసుల సాక్ష్యాన్ని పోగుపోగుగా విప్పేశారు. జూరీకి గంటసేపు కూడా పట్టలేదు, కుర్రవాణ్ణి విడిచిపెట్టింది. ఆ చిత్రానికి 2002లో ఆస్కార్ వచ్చింది.

ఆ కెమెరాయే తర్వాత డర్హమ్ నగరంలోని ఒక భవంతిలో అడుగుపెట్టింది. నవలాకారుడు మైకేల్ పీటర్సన్ భార్య, కాథలీన్, 2001 డిసెంబరు 9న మెట్లకింద రక్తపు మడుగులో చనిపోయి ఉంది. జారిపడిందని ఆయన, చంపాడని ప్రభుత్వం. 2003లో యావజ్జీవ శిక్ష పడింది. 2004లో వచ్చిన ఆ ‘ది స్టెయిర్‌కేస్’ ఎనిమిది భాగాలు. 2018 నాటికి పదమూడయ్యాయి.

మా విద్యార్థి ఒకడు అన్నీ చూసివచ్చి, ‘ఇంతకీ చంపాడంటారా మాస్టారూ?’ అని అడిగాడు. ఆ సంగతి నాకేం తెలుసు? నేను చూసింది వేరు. వాదన ఎలా తయారవుతుందో అందులో చూశాను. జూరీ ఏమనుకుంటుందో ముందే తెలుసుకోవడానికి మనుషులను పోగుచేసి వాదన వినిపించి చూస్తారు. సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పడానికి మనిషిని పెడతారు. పేరుమోసిన నిపుణులను పిలిపిస్తారు. పీటర్సన్ పైపు పీలుస్తూ మాట్లాడుతుంటే గంటలు గడిచిపోతాయి. కాథలీన్ మాత్రం కొన్ని ఛాయాచిత్రాలకే పరిమితం. ఒక పెద్ద కంపెనీలో ఉన్నతోద్యోగం చేసిన స్త్రీ ఆమె. ఈ రెండో చిత్రానికి కథానాయకుడు ముద్దాయి కాడు, డబ్బు. అంత ఖర్చు పెట్టినా జూరీ నమ్మలేదన్నది వేరే సంగతి.

ఆయన ఎలా బయటికి వచ్చాడన్నది ఇంకా ముఖ్యం. రక్తపు మరకల గురించి సాక్ష్యం చెప్పిన ప్రభుత్వ నిపుణుడు డీవర్ తన అనుభవం గురించి జూరీని తప్పుదారి పట్టించాడని తేలి, 2011 డిసెంబరులో జడ్జి కొత్త విచారణకు ఆజ్ఞ ఇచ్చాడు. డీవర్ బండారం బయటపెట్టింది ఈ చిత్రమా? కాదు. అదే రాష్ట్రంలో మరో హత్యకేసులో పదహారేళ్ళకు పైగా జైలులో మగ్గిన ఇంకొక మనిషిది ఆ ఘనత. ఆ కేసులో రక్తపరీక్షలు చేసినవాడు డీవరే. 2010 ఫిబ్రవరిలో అతడు నిర్దోషి అని ముగ్గురు జడ్జీలు తేల్చారు. ఆపైన ప్రయోగశాల కాగితాలన్నీ తిరగవేస్తే రెండువందలకు పైగా కేసులలో రక్తపరీక్షల నివేదికలు తప్పుదారి పట్టించేవిగా కనిపించాయి. ఆ రెండువందలమంది ఇళ్ళకు పదమూడు భాగాల కెమెరా వెళ్ళిందా? పీటర్సన్ 2017లో, నేరం ఒప్పుకోకుండానే, శిక్షకు చాలిన సాక్ష్యం ప్రభుత్వం దగ్గర ఉన్నదని మాత్రం ఒప్పుకొని, అనుభవించిన జైలుతోనే బయటపడ్డాడు. ఆనాడు కోర్టులో కాథలీన్ అక్కచెల్లెళ్ళు లేచి మాట్లాడారు. ముద్దాయి పక్షాన నిలబడ్డవాళ్ళు ఆ మాటలు కూడా వినాలని నా అభిప్రాయం.

వినడం అసాధ్యమేమీ కాదు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. పోలీసులు 2008లో ఒక బీద దళిత యువకుణ్ణి చూపించారు, 2010లో శిక్షపడింది. నడవడానికే కష్టపడే స్థితికి వచ్చినవాడు ఎనిమిదేళ్ళకు పైగా జైలులో ఉన్నాక, 2017లో హైదరాబాదు హైకోర్టు నిర్దోషి అని వదిలి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మన్నది. అతడు చంపలేదని అన్నేళ్ళుగా చెబుతూ వచ్చినవారిలో ఆ అమ్మాయి తల్లిదండ్రులు కూడా ఉన్నారు.