మామ చిన్న లారీ

మామ తోలిన పెద్ద లారీ ఫొటో మన ఇళ్లలో చాలామంది దగ్గర ఉంది. ఆయన చిన్న లారీ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అది పీటర్‌బిల్ట్ 359, అమెరికా రోడ్ల మీద తిరిగిన ముక్కు పొడుగు లారీ, అసలు బండిలో 25వ వంతు సైజు. ఏఎంటీ కంపెనీ ప్లాస్టిక్ కిట్. ముక్కలుగా పెట్టెలో వస్తుంది, మనమే అతికించి రంగు వేసుకోవాలి. 2009లో పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చిచ్చాడు.

మామ అప్పట్లో సండూరు గనుల నుంచి కృష్ణపట్నం రేవుకు ఇనుప ఖనిజం తోలేవాడు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య దొరికిన పూటల్లో చాసీ, ఇంజను, ఒక డీజిల్ ట్యాంకు కట్టేశాడు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఖనిజం తవ్వకాలు ఆపించింది. బండి ఇంటి ముందే నిలబడిపోయింది. అప్పుడు ఆయనకు కావలసినంత తీరిక, కానీ ఆ పెట్టె జోలికి మాత్రం పోలేదు. తరువాత బండి అమ్మేశారు. పెట్టె అటకెక్కింది.

పోయిన ఏడాది ఇల్లు సర్దుతూ దింపాం. బంపరు, గ్రిల్, పొగగొట్టాలు, ట్యాంకులు, చక్రాల రిమ్ములు, అన్నీ అద్దంలా మెరవాల్సిన ముక్కలే. కొన్నిచోట్ల మెరుపు పొరలుగా లేచిపోయింది, కొన్నిచోట్ల పసుపు తిరిగింది. అత్త గుడ్డతో తుడిచి షోకేసులో పెడితే చాలనింది. మామ ఒప్పుకోలేదు. "సగం బండి ఎవురికి కావాల? కట్టు పాపా, నేను చెప్తా." ఇప్పుడాయన కుడిచెయ్యి వణుకుతుంది. బ్లేడు పట్టుకోలేడు.

క్రోమ్ అంటాం గానీ కిట్‌లో ఉండేది క్రోమియం కాదు. ప్లాస్టిక్ మీద ముందు లక్కర్ పూస్తారు. తరువాత గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేస్తే అది ముక్కల మీద పల్చగా, మైక్రాన్ మందం కూడా లేకుండా పేరుకుంటుంది. దాని మీద ఇంకో లక్కర్. కళాయివాడు నవసాగరం చల్లి, గిన్నె కాల్చి తగరం పట్టించినట్టు గట్టిగా అంటుకున్న పని కాదు ఇది. మామ మాటలో చెప్పాలంటే గిల్టు.

దీంతో చిక్కులు రెండు. ప్లాస్టిక్ జిగురు పనిచేసేది ప్లాస్టిక్‌ను కరిగించి, మెరుపు మీద అది పట్టదు. రెండోది, సగం సగంగా వచ్చే ట్యాంకును అతికిస్తే మధ్యలో గీత కనబడుతుంది. గీతను రుద్దామంటే మెరుపు పోతుంది. అందుకని నికార్సుగా కట్టాలనుకునేవాళ్లు ముందే మొత్తం ఊడదీసి, అతుకులు సాపు చేసి, కొత్తగా మెరుపు వేస్తారు.

ఊడదీయడానికి బట్టలు తెల్లబరిచే బ్లీచ్ ద్రవం చాలు. అందులో క్షారం ఉంటుంది. (మా కన్నడ బడిలో దీనికి దగ్గరి మాట 'ప్రత్యామ్ల'. ఈ రోజుకీ నాకు ముందు అదే నోటికొస్తుంది.) క్షారానికి అల్యూమినియం ఆగదు. చేతికి రబ్బరు గ్లౌజులు, కంటికి అద్దాలు, కిటికీలు బార్లా తెరిచి, ప్లాస్టిక్ డబ్బాలో మాత్రమే నానబెట్టాలి. బాత్రూం కడిగే యాసిడ్‌ను దాని దగ్గరికి కూడా రానివ్వకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ పని బడి టైములో పెట్టుకోండి.

ముక్కలన్నీ ఒకేసారి వేయకుండా ముందు పారేసే ఫ్రేము తుంట ఒకటి వేసి చూశాను. టెస్టింగ్ ఉద్యోగం నేర్పిన బుద్ధి. కొన్ని కిట్లకు నిమిషాల్లో పోతుంది, కొన్నింటికి రాత్రంతా కావాలి. మాది అరగంటలో పోయింది. కింద లక్కర్ పసుపు పొర మిగిలింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. థిన్నరు మాత్రం వద్దు, ప్లాస్టిక్కే కరిగిపోతుంది.

మామ కట్టిన ట్యాంకు కూడా అందులోనే వేశాను. మెరుపు పోయాక చూస్తే అతుకు పొడుగునా అంచులు బ్లేడుతో గీకి ఉన్నాయి. కిట్ కాగితంలోని ఇంగ్లీషు ఆయన చదవలేదు. వెల్డింగ్‌కు ముందు రంగు గీకాలని షెడ్డులో తెలిసిన పనే ఇక్కడా చేశాడు. అతుకు పక్కన జిగురుకు మెత్తబడిన ప్లాస్టిక్‌లో బొటనవేలి ముద్ర పడి ఉంది, గీతలతో సహా. అతుకు సాపు చేస్తే అదీ పోతుంది. చూపించి అడిగాను. ఆయన చాలాసేపు ట్యాంకు తిప్పి తిప్పి చూసి, "రుద్దేయ్. బండి కనబడాల గానీ నా యేలు ఎందుకు?" అన్నాడు. అత్త వంటింట్లోంచే వద్దనింది. నేను బయటికి కనబడే వైపు పుట్టీ పెట్టి 400 నుంచి 2000 నంబరు వరకు కాగితాలతో రుద్దాను. ముద్ర ఉన్న వైపు చాసీకి ఆనుకునేలా తిప్పి బిగించాను. ఇది మామకు చెప్పలేదు. ఆయన ఇది చదవడు, మీరూ చెప్పకండి.

కొత్త మెరుపు దగ్గర అసలు పంచాయితీ మొదలైంది. అద్దంలాంటి క్రోమ్ రావాలంటే అడుగున నిగనిగలాడే నల్లరంగు ఉండాలి. అది బాగా ఆరాక ఎయిర్‌బ్రష్‌తో తక్కువ ఒత్తిడిలో, 12–15 పీఎస్ఐ దగ్గర, ఆల్‌క్లాడ్ రంగు పల్చగా కొట్టాలి. సన్నని అంచులకు మోలోటో క్రోమ్ పెన్ను సుళువు, కానీ రోజుల తరబడి వేలు తగలనివ్వకూడదు. నేను అన్నిటికీ ఒకే క్రోమ్ అనుకున్నాను, పెట్టె మీద బొమ్మలోనూ అంతే. మామ ఆపాడు. "బంపరు ఇనుము, దానికి క్రోమ్ ఉంటాది. ట్యాంకీ అల్యూమినియం, పాలిష్ పెట్టినా తెల్లగానే ఉంటాది. రెండూ ఒకే మెరుపు మెరిస్తే అది బొమ్మ, బండి కాదు."

ఆయన జన్మలో పీటర్‌బిల్ట్ చూడలేదు. తరువాత అసలు బండ్ల ఫొటోలు తీసి చూశాను, ఆయన చెప్పినట్టే ఉంది. బంపరుకు, గ్రిల్‌కు క్రోమ్ కొట్టాను. ట్యాంకులకు, రిమ్ములకు పాలిష్ అల్యూమినియం షేడు వేశాను.

పొగగొట్టాలు మిగిలాయి. వేడికి కింది భాగం నీలం తిరుగుతుందట, దాని పైన తేనెరంగు. ఆ నీలం ఎంత ఎత్తు వరకు రావాలో వారం నుంచి ఒప్పందం కుదరడం లేదు. నేను రెండు మిల్లీమీటర్లు అంటాను. మామ గోటితో చూపించేది అంతకు రెట్టింపు ఉంటుంది. "లోడు లాగిన బండి అది," అంటాడు.